రెండు భాషల పాటలతో చిన్నపిల్లలకు పౌరహక్కులు: ఏ పాట, ఏ శ్రుతి, ఎంత కథ?

చిరుగజ్జెలు (కాలిఫోర్నియా)
అందరికీ నమస్కారం. ఆదివారం తెలుగు బడిలో నాలుగు నుంచి ఏడేళ్ళ వయసు పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు. సగం మందికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే వస్తుంది. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఆ నెలంతా తెలుగు, ఇంగ్లిష్ కలిపిన పాటలతో పౌరహక్కుల సంగతి చెప్పాలని ఉంది. వారానికి పాతిక నిమిషాలు దొరుకుతుంది. ఉద్యమ పాటల్నే తెలుగులోకి మార్చుకోవాలా, కొత్తవి కట్టుకోవాలా? చరిత్ర ఎంతవరకు చెప్పాలి? ఏ శ్రుతిలో పాడాలి? ఈ పని చేస్తున్నవాళ్ళు చెప్పండి.

సెంట్రల్‌వ్యాలీ
ప్రీస్కూల్లో స్పానిష్, ఇంగ్లిష్ పాటలు చెప్పే పని నాది. మొదటి మాట ఇదే: "పౌరహక్కులు" అనే పెద్ద విషయంతో మొదలుపెట్టకండి. ఒక్క ఘటన పట్టుకోండి. అందులో పిల్లలు కళ్ళతో చూడగల వస్తువు ఒకటి ఉండాలి.

మీరు కాలిఫోర్నియాలోనే ఉన్నారు కాబట్టి మెండెజ్ కేసు తీసుకోండి. ఆరెంజ్ కౌంటీలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో 1940ల్లో మెక్సికన్ పిల్లలకు వేరే బడి, తెల్లపిల్లలకు వేరే బడి. సిల్వియా మెండెజ్ అనే చిన్నపాపను మంచి బడిలో చేర్చుకోలేదు. తల్లిదండ్రులు మిగతా కుటుంబాలతో కలిసి కోర్టుకెళ్ళారు. 1946లో గెలిచారు, 1947 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. అదే ఏడాది రాష్ట్రంలో వేరు బడుల చట్టాన్ని రద్దు చేస్తూ గవర్నర్ ఎర్ల్ వారెన్ సంతకం పెట్టాడు. 1954లో జాతిని బట్టి బడులు వేరుచేయడం చెల్లదంటూ దేశమంతటికీ వర్తించిన బ్రౌన్ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తీ ఆయనే.

పెద్దయ్యాక సిల్వియా చాలాచోట్ల చెప్పిన సంగతి ఒకటుంది. ఆ వయసులో ఆమె దృష్టంతా మంచి బడిలో ఉన్న ఆటస్థలం మీదే. అమ్మానాన్నలు కొట్లాడుతున్నది ఆ ఉయ్యాలల కోసమే అనుకుందట. నాలుగేళ్ళ పిల్లకు ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది? అక్కడ ఉయ్యాల ఉంది, ఇక్కడ లేదు. ఎందుకు లేదు? పాట అక్కణ్ణుంచి మొదలవ్వాలి.

మధ్యమావతి
శ్రుతి సంగతి నేను చెప్తాను, ఎక్కువగా చెడేది అక్కడే.

నాలుగైదేళ్ళ పిల్లల గొంతు హాయిగా పలికేది ఐదు స్వరాల వెడల్పులోనే. రెండు శ్రుతి పెట్టుకుని స నుంచి ప దాకా అన్నమాట. కీబోర్డు మీద చూస్తే మధ్య సి పక్కనున్న డి నుంచి పైనున్న ఎ వరకు. ఆరేడేళ్ళ వాళ్ళకు కింద సి వరకు, పైన తర్వాతి సి వరకు సాగించవచ్చు. మన సంగీతం టీచర్లు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అలవాటుగా ఐదు, ఐదున్నర శ్రుతిలో ఎత్తుకుంటారు. అక్కడ పాట మరీ కిందికి పోయి, నాలుగో స్వరం దాటేదాకా పిల్లలకు అందదు. అందక వాళ్ళు మాటలు మాట్లాడినట్టు అనేస్తారు, లేదా అరుస్తారు. "మా పిల్లలకు శ్రుతి లేదండీ" అని పంతులమ్మలు అనేది దీన్నే. లోపం పిల్లలది కాదు, ఎత్తుకున్న చోటు అది.

మగవాళ్ళు నేర్పేటప్పుడు ఇంకో చిక్కు. ఒక స్థాయి కింద పాడితే దాన్ని పైకి మార్చుకుని అందుకోవడం చిన్నవాళ్ళకు కష్టం. ఏడేళ్ళ పిల్ల ఒకర్తిని ముందు గొంతుగా నిలబెట్టండి, లేకపోతే వరస కీబోర్డు మీద వినిపించండి.

రాగం మోహనం చాలు. స రి గ ప, అవసరమైతే ద. గమకాలు వద్దు, ప్రతి అక్షరానికి ఒకే స్వరం. నడక చతురశ్రం, అంటే నాలుగేసి లెక్క; వేగం పిల్లలు గదిలో తిరిగే అడుగు వేగం, అంటే నిమిషానికి 110, 120 దెబ్బలు. పెద్దవాళ్ళు గంభీరంగా ఉండాలని నెమ్మదిగా పాడతారు. చిన్నవాళ్ళకు ఆ ఊపిరి చాలదు, వాక్యం మధ్యలో తెగుతుంది.

ఏటిగట్టు
పాత పాటల అనువాదం గురించి. "వీ షల్ ఓవర్‌కమ్" తీసుకోండి. మన బళ్ళలో చదివినవాళ్ళందరికీ దాని హిందీ రూపం "హమ్ హోంగే కామ్‌యాబ్" వచ్చు. రాసింది గిరిజాకుమార్ మాథుర్. ఆయన చేసిన పని గమనించండి. మాటకు మాట పెట్టలేదు, వరస మీద హిందీ తనంతట తాను కూర్చునేలా రాసుకున్నాడు. తెలుగులో మాటకు మాట పెడితే క్రియ వాక్యం చివరికి పోతుంది, సాగదీసే పెద్ద స్వరం మీద ఏ విభక్తో వచ్చి పడుతుంది.

ఈ పాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా పిల్లలకు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పాత చర్చి పాటల్లోంచి వచ్చిన దాన్ని 1945, 46ల్లో చార్ల్‌స్టన్ సిగార్ ఫ్యాక్టరీ సమ్మెలో నల్లజాతి కార్మిక స్త్రీలు పాడారు. ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే టెనెసీలోని హైలాండర్ బడిలో జిల్ఫియా హోర్టన్ వాళ్ళ దగ్గర నేర్చుకుంది. 1960 ఏప్రిల్‌లో రాలీలో విద్యార్థులు పౌరహక్కుల కోసం స్నిక్ అనే సంఘం పెట్టుకున్నప్పుడు అందరి నోటా పడింది. అంటే పని మానేసి వానకు తడిసిన వీధిలో నిలబడ్డవాళ్ళ పాట అది. వేదిక మీద అలంకారంగా పాడించి వదిలేస్తే పిల్లలకు ఆ సంగతే తెలియదు.

కాపీరైట్ గురించి భయపడేవాళ్ళకు: కోర్టులో కేసు నడిచి 2018 జనవరిలో ఒప్పందంతో ఈ పాట ప్రజలదైపోయింది. బడి కార్యక్రమం రికార్డు చేసి పెట్టుకోవచ్చు. అన్ని ఉద్యమ పాటలూ అలా కాదు, ఒక్కొక్కటి విడిగా చూసుకోవాలి. అందుకే చిన్నపిల్లలకు కొత్తది కట్టుకోవడమే మేలంటాను.

రెండుభాషలు
నేనూ కొత్తది కట్టుకోమనే అంటాను. ఎలా కట్టాలో చూపిస్తాను. సెంట్రల్‌వ్యాలీ గారి ఉయ్యాలే తీసుకుందాం.

ముందు గొంతు: ఎవరిది ఊయల?
వంత: అందరిదీ!
ముందు గొంతు: హూజ్ ఈజ్ ద స్వింగ్?
వంత: ఎవ్రీబడీస్!

లెక్క చూడండి. పొట్టి అక్షరం ఒక మాత్ర, పొడుగుది రెండు. "ఎవరిది" నాలుగు మాత్రలు, "ఊయల" నాలుగు. మొత్తం ఎనిమిది, సరిగ్గా ఒక ఆవృతం, అంటే తాళం ఒక చుట్టు. "అందరిదీ" ఆరు మాత్రలు, తర్వాత రెండు ఖాళీ. ఆ ఖాళీలో పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు లేదా రెండు చప్పట్లు కొడతారు. ఇంగ్లిష్‌కు మాత్రలు కాదు, ఒత్తు ముఖ్యం. "ఎవ్రీబడీస్"లో మొదటి అక్షరం మీద ఒత్తు, "అందరిదీ"లో "అం" గురువు, అంటే రెండు మాత్రల అక్షరం. రెండూ తాళం మొదటి దెబ్బ మీదే పడతాయి. రెండు భాషలు ఒకే వరసలో కూర్చోవడానికి రహస్యం ఇదే.

ఊయల స్థానంలో వేరే మాటలు వేసుకుంటూ పోవచ్చు. "కుర్చీ" నాలుగు మాత్రలు, "నిచ్చెన" నాలుగు. "బస్సు" మూడే, చివర సాగదీస్తే సరిపోతుంది. "పుస్తకం" ఐదు, పిల్లలు దాన్ని తోసుకుంటూ అనేసరికి వంత ఆలస్యమవుతుంది. "జారుడుబల్ల" ఏడు, దాని జోలికి పోవద్దు.

రెండో చరణంలో ఏం చేయాలో రావాలి. అది లేకపోతే పాట ఫిర్యాదుగా మిగిలిపోతుంది.

ముందు గొంతు: తలుపే మూస్తే?
వంత: కలిసి అడుగుదాం!
ముందు గొంతు: వాట్ డూ వీ డూ?
వంత: ఆస్క్ టుగెదర్!

"వీల్ ఆస్క్ టుగెదర్" అని రాయాలనిపిస్తుంది. రాయకండి. ఒత్తు "ఆస్క్" మీద ఉంది, కాబట్టి "వీల్" తాళం మొదలవకముందే పడుతుంది. అలాంటి ఎత్తుగడ నాలుగేళ్ళ వాళ్ళకు అందదు, ప్రతిసారీ ఒక దెబ్బ వెనకబడతారు.

ఇంకో నియమం. పిల్లలకు ఏ భాష బలహీనమో వంత ఆ భాషలోనే ముందు రావాలి. చిరుగజ్జెలు గారి పిల్లలకు తెలుగు బలహీనం కాబట్టి తెలుగు వంత స్థిరపడేదాకా, అంటే మొదటి రెండు వారాలు, ఇంగ్లిష్ ప్రశ్నకు కూడా తెలుగులోనే జవాబు చెప్పించండి. రెండు భాషలు ఒకేరోజు ఇస్తే తేలికైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు. ఒకే వాక్యంలో సగం తెలుగు, సగం ఇంగ్లిష్ కలిపి రాయడం కూడా వద్దు. వినడానికి సరదాగా ఉంటుంది, ఏ భాషా పూర్తిగా నోటికి రాదు.

చిరుగజ్జెలు
ఇది బంగారం. వంత అనగానే బుర్రకథ గుర్తొచ్చింది, పిల్లల తాతయ్యలు కూడా పట్టుకోగలరు. ఒక సందేహం. అన్యాయం ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక ఆట ఆడించమని కొందరంటున్నారు. ఎర్రచొక్కా పిల్లలు ముందు కుర్చీల్లో, మిగతావాళ్ళు వెనక. ఐదు నిమిషాలే. చేయవచ్చా?

పుస్తకాలపెట్టె
వద్దండీ. గట్టిగా చెప్తున్నాను, వద్దు. నాలుగైదేళ్ళ పిల్లకు అది ఆట అని పూర్తిగా తెలియదు. టీచరమ్మకు నా చొక్కా నచ్చలేదనే ఇంటికి తీసుకెళ్తుంది. ముందు కుర్చీ దొరికినవాళ్ళకు జాలి పుట్టదు, గర్వం పుడుతుంది. పైగా మన తరగతుల్లో ఒంటి రంగు గురించి ఇంట్లో మాటలు పడే పిల్లలుంటారు. వాళ్ళకు అది ఆట కాదు.

సెంట్రల్‌వ్యాలీ
పుస్తకాలపెట్టె గారి మాటే నాదీ. అయితే అన్యాయం కనిపించకుండా పాట పాడితే అది ఉత్త "అందరం స్నేహంగా ఉందాం" పాటైపోతుంది. పౌరహక్కులంటే మంచితనం కాదు. నియమం తప్పుగా ఉంది, దాన్ని మార్చారు. ఆ రెండూ కనబడాలి.

దానికి చేతిబొమ్మలు వాడతాం. రెండు అట్టపెట్టెలు, రెండు బడులు. ఒకదాని ముందు ఉయ్యాల బొమ్మ, రెండోదాని ముందు ఏమీ లేదు. మూడు చేతిబొమ్మలు. ఒక బొమ్మ వెళ్ళి తలుపు తడుతుంది, తలుపు మీద పెద్ద కాగితం: "నువ్వు రాకూడదు". పిల్లలను ఏ పాత్రలోనూ పెట్టం, వాళ్ళు చూసేవాళ్ళు. అప్పుడు అడగాలి: "ఈ కాగితం ఎవరు రాశారు? చింపాలంటే ఎవరిని అడగాలి?" పిల్లలు వెంటనే "చించెయ్" అంటారు. ఒప్పుకోకండి. "ఒక్కళ్ళే అడిగితే వినలేదు, ఎంతమంది వెళ్ళాలి?" అని మిగతా బొమ్మలను పిలవాలి. సరిగ్గా అక్కడ "తలుపే మూస్తే" చరణం ఎత్తుకోవాలి. మాట పూర్తవగానే పాట రావాలి. మధ్యలో "ఇప్పుడు మనం పాట పాడుకుందామా" అని ఆగితే పట్టు పోతుంది.

అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 1963 మేలో పిల్లలు చేసిన ఊరేగింపు కథ అడుగుతుంటారు. ఎనిమిదేళ్ళు దాటాక చెప్పండి. వాళ్ళ మీదికి వదిలిన నీళ్ళ గొట్టాలు, పోలీసు కుక్కల ఫోటోలు చిన్నవాళ్ళకు చూపిస్తే పాట గుర్తుండదు, కుక్కే గుర్తుంటుంది.

పుస్తకాలపెట్టె
జనవరి కాబట్టి మాంట్‌గోమరీ బస్సు కథ ఎలాగూ వస్తుంది. అందరూ చెప్పేది: అలసిపోయిన నల్లజాతి ముసలావిడ తెల్లవాళ్ళకు బస్సులో సీటు వదలనంది, అంతే, నియమం మారింది. లేవనన్న మాట తప్ప ఇందులో ఒక్కటీ సరిగ్గా లేదు. రోజా పార్క్స్‌కు అప్పుడు 42 ఏళ్ళు. ఊళ్ళో నల్లజాతివాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ శాఖకు కార్యదర్శిగా పనిచేసింది. ఆ వేసవిలోనే హైలాండర్‌లో శిక్షణకు వెళ్ళొచ్చింది. ఆమెను అరెస్టు చేసింది 1955 డిసెంబర్ 1న. అదే ఏడాది మార్చిలో పదిహేనేళ్ళ క్లాడెట్ కోల్విన్ కూడా లేవనని కూర్చుంది. రోజా అరెస్టయిన రాత్రే జో ఆన్ రాబిన్‌సన్, మహిళా సంఘంవాళ్ళు వేల కరపత్రాలు తీశారు. డిసెంబర్ 5 నుంచి 381 రోజులు జనం బస్సులెక్కకుండా నడిచారు, కార్లు పంచుకున్నారు.

పిల్లలకు ఇందులో పాటకు పనికొచ్చేది నడక. బస్సు సీట్లు వేసి నటింపజేయకండి, మళ్ళీ ఎవరో ఒకరు వెనక కూర్చోవలసి వస్తుంది. గదిలో వలయంగా నడిపించండి, అడుగుకొక దెబ్బ. ముందు గొంతు "ఎండొచ్చింది" అంటే వంత "నడిచాం నడిచాం", "వానొచ్చింది" అంటే "నడిచాం నడిచాం". రెండో రౌండు ఇంగ్లిష్: "సన్ కేమ్ ఔట్", "వాకింగ్, వాకింగ్". రెండు నిమిషాలయ్యేసరికి "ఇంకా ఎంతసేపు?" అంటారు. అప్పుడు చెప్పండి, వాళ్ళు ఏడాది పైన నడిచారని.

ఒక_నాన్న
తప్పుగా అనుకోకండి. ఆదివారం రెండు గంటలు తెలుగు కోసం పంపుతున్నాం. ఇది అమెరికా చరిత్ర, వాళ్ళ స్కూల్లోనే చెప్తారు కదా. తెలుగు బడిలో ఎందుకు?

ఏటిగట్టు
న్యాయమైన ప్రశ్న. 1965కు ముందు భారతదేశం మొత్తానికి ఏడాదికి వలస కోటా వంద మంది. 1946 చట్టం ఇచ్చింది అంతే. జాతిని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు తప్పన్న వాదన పౌరహక్కుల ఉద్యమం వేడిలోనే బలపడింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం, అదే ఏడాది అక్టోబర్ 3న కొత్త వలస చట్టం. అప్పుడు తెరుచుకున్న దారిలోనే మన డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. ఈ దేశంలో తెలుగు బడి ఉండటానికి ఆ నడిచినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

భాష సంగతి కూడా ఉంది. 1974లో లావ్ కేసులో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లలు ఇంగ్లిష్ అర్థంకాక తరగతిలో ఊరికే కూర్చోవలసి రావడం సమానత్వం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లిష్ ఇంకా సరిగ్గా రాని పిల్లకు బడిలో సాయం అందుతోందంటే దాని వెనక ఆ తీర్పు ఉంది. అమ్మమ్మ మాట్లాడే భాషలోనే ఈ సంగతి వింటే, అది తనదీ అని పిల్లకు తెలుస్తుంది.

ఒక_నాన్న
లావ్ కేసు నాకు తెలియదు. పాటల కాగితం ఇంటికి కూడా పంపండి, మేమూ పాడతాం.

ఉట్నూరువైపు
ఆదిలాబాద్ నుంచి. మా అంగన్‌వాడీ పిల్లలది గోండి, కార్యకర్తది తెలుగు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెప్తోంది. రెండుభాషలు గారి నియమం మాకు తిరగేసి వేసుకోవాలి. ఇక్కడ బడిలో చిన్నబోయే భాష గోండి కాబట్టి ప్రశ్న కూడా పిల్లలతోనే గోండిలో అడిగించి, పెద్దవాళ్ళు వంత పాడాలి. పిల్ల మాటకు పెద్దవాళ్ళు వంత పాడటమే సగం పాఠం.

సెంట్రల్‌వ్యాలీ
ఇది నేను కూడా తీసుకుంటున్నాను.

రెండు భాషలు కలవడం అనగానే కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల సమ్మె చెప్పాలి. 1965 సెప్టెంబర్ 8న ఫిలిప్పీన్స్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపారు. అడిగింది గంటకు 1.40 డాలర్లు, పెట్టెకు 25 సెంట్లు. ఎనిమిది రోజుల తర్వాత మెక్సికన్ కూలీల సంఘం వాళ్ళతో కలిసింది. ఒకరి భాష ఒకరికి రాదు. అక్కడ చప్పట్లే భాషయ్యాయి: నెమ్మదిగా మొదలై, వేగం పెరిగి, ఒక్కసారిగా ముగిసే చప్పట్లు. ఇప్పటికీ కూలీల సభల్లో అలాగే కొడతారు. "సీ సె ప్వేదె" (స్పానిష్‌లో "అవును, సాధ్యమే") అనే నినాదం 1972లో అరిజోనాలో డొలోరెస్ హ్యుయెర్టా నోట వచ్చింది. మూడు చిన్న మాటలు, మూడేళ్ళ పిల్లలు కూడా అనేస్తారు.

చప్పట్లతో తరగతి అదుపు తప్పడం మామూలే. వేగం పెరిగే కొద్దీ కేకలు మొదలవుతాయి. నిమిషానికి 60తో మొదలుపెట్టి ఇరవై సెకన్లలో ముగించండి. ఆపే సైగ ముందే నేర్పాలి: టీచర్ పిడికిలి మూసి పైకెత్తగానే అందరి చేతులూ మూసుకోవాలి. పాట లేకుండా ఆ సైగ ఒక్కటే నాలుగైదుసార్లు ఆడించాక అసలు చప్పట్లకు వెళ్ళండి.

మధ్యమావతి
వాయిద్యాల మాట కూడా అనేస్తాను. చిడతలు, గజ్జెలు మొదటి రోజే పంచకండి. చేతిలో శబ్దం ఉంటే నోట్లో మాట ఆగిపోతుంది. మాటలు స్థిరపడ్డాక, ఇద్దరికొక జత, అదీ వంత తర్వాతి రెండు మాత్రల ఖాళీలో మాత్రమే. ఇంట్లో పప్పుగింజలు పోసి చేసే డబ్బాల మూత టేపుతో గట్టిగా చుట్టాలి. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గింజలు నోట్లో పెట్టుకుంటారు.

చిరుగజ్జెలు
నాలుగు వారాలకు ఇలా వేసుకున్నాను. మొదటివారం చరిత్ర లేకుండా "ఎవరిది ఊయల" ఒక్కటే, తెలుగు వంత, తరగతిలో ఉన్న వస్తువులతో. రెండోవారం అట్టపెట్టెల బడులు, సిల్వియా కథ, రెండో చరణం. మూడోవారం ఇంగ్లిష్ వంత కలిపి, నడక పాట. నాలుగోవారం డెలానో చప్పట్లు, తల్లిదండ్రులను కూర్చోబెట్టి పిల్లలే ముందు గొంతు. ప్రతిసారీ పాట పన్నెండు నిమిషాలు, కథ ఎనిమిది, మిగిలింది పిల్లల ప్రశ్నలకు. సరిపోతుందా?

రెండుభాషలు
మూడోవారం బరువు ఎక్కువైంది. ఇంగ్లిష్ వంత, నడక పాట ఒకేరోజు వద్దు. నడక పాట తెలుగులోనే ఉంచేయండి. ఇంటికి పంపే రికార్డింగ్ రెండు రకాలుగా ఇవ్వండి: ఒకటి పూర్తి పాట, రెండోది ప్రశ్న మాత్రమే ఉండి వంత చోట ఖాళీ వదిలినది. కారులో రెండోది పెడితే పిల్లలు జవాబు చెప్పక తప్పదు. చదవడం రానివాళ్ళకు కాగితం మీద అక్షరాలు కాకుండా ఉయ్యాల, కుర్చీ, నిచ్చెన బొమ్మలు వరసగా వేయండి. ఆరేడేళ్ళ వాళ్ళకు విసుగొస్తే కొత్త మాటలు వెతికే పని అప్పగించండి. నాలుగు చప్పట్లలో ఇమిడితే పాటలోకి వస్తుంది, ఇమడకపోతే రాదు.

చిరుగజ్జెలు
నడక పాట తెలుగులోనే ఉంచుతాను. "ప్రిన్సిపాల్" అని ఒక పిల్లవాడు తప్పకుండా అంటాడు. ఎవరిది ప్రిన్సిపాల్?

రెండుభాషలు
మాత్రలు ఐదు, పట్టదు. కానీ ఆ ప్రశ్నను వదలకండి. నియమాలు రాసేది ఎవరు అన్న సంగతిలోకి దారి అదే. ఆ వారం కథకు పెట్టిన ఎనిమిది నిమిషాలు దానికే ఇవ్వండి.